కాంగ్రెస్ డాట్ గవ్: మారతహళ్ళిలో ఉండే ఒక అమెరికా పౌరురాలి రివ్యూ

అమెరికా కాంగ్రెస్‌లో, అంటే అక్కడి పార్లమెంటులో, ఏ బిల్లు ఎక్కడ ఆగిందో తెలుసుకోవడానికి పైసా ఖర్చు పెట్టక్కర్లేదు. కాంగ్రెస్ డాట్ గవ్ అనే వెబ్‌సైట్ తెరిస్తే చాలు. బిల్లు ఎవరు పెట్టారు, ఎవరెవరు సంతకం కలిపారు, ఏ కమిటీకి వెళ్ళింది, సభలో ఎవరు అవునన్నారు, ఎవరు కాదన్నారు, అన్నీ తేదీలతో సహా దొరుకుతాయి. దీన్ని నడిపేది లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్. యాడ్స్ లేవు, చందా లేదు, చదవడానికి లాగిన్ కూడా అడగదు. బెంగళూరులో ఉన్న మన తెలుగువాళ్ళకు దీని గురించి పనిగట్టుకుని చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

నేను న్యూజెర్సీలో ఉద్యోగం చేసి, గ్రీన్ కార్డు క్యూలో ఏళ్ళు గడిపి, అక్కడే పౌరసత్వం తీసుకున్నాను. అమ్మకు ఒంట్లో బాగుండక మారతహళ్ళికి వచ్చేశాం. ఇక్కడున్నా నా ఓటు పోలేదు. విదేశాల్లో ఉండే పౌరుల ఓటు కోసం 1986లో చేసిన చట్టం ప్రకారం, అమెరికాలో చివరగా ఉన్న ఇంటి అడ్రసు మీద పోస్టులో ఓటేస్తాను. పౌరసత్వం ఇచ్చేటప్పుడు చెయ్యెత్తి చేయించిన ప్రమాణం అధ్యక్షుడికి కట్టుబడి ఉంటానని కాదు, రాజ్యాంగాన్ని కాపాడతానని. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. అందుకే ఈ సైటును వార్తల కోసం కాకుండా, నా పేరు మీద జరుగుతున్న పని చూసుకోవడానికి వాడతాను.

ఇంటర్నెట్ ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో, 1995 జనవరిలో, థామస్ జెఫర్సన్ పేరు మీద థామస్ అనే సైటుతో ఈ సేవ మొదలైంది. 2012లో కాంగ్రెస్ డాట్ గవ్ వచ్చింది, 2016లో పాతదాన్ని మూసేశారు. చరిత్ర ఇంతే చాలు. అసలు విషయం వాడకంలో ఉంది.

ఈ సైటు పనితనం తెలియాలంటే మనందరి ఇళ్ళలో నలిగిన ఒక బిల్లు చూడండి: ఎచ్.ఆర్. 1044. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. అందులో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి రాకూడదన్నది 1990 నాటి చట్టం పెట్టిన లెక్క. మనవాళ్ళ క్యూ అంత పొడుగు కావడానికి మూలం అక్కడుంది. ఉద్యోగ వీసాలకు ఆ 7 శాతం తీసేసి, కుటుంబ వీసాలకు దాన్ని 15 శాతానికి పెంచాలన్నదే ఈ బిల్లు. 2019 జులై 10న ప్రతినిధుల సభలో 365 మంది అవునన్నారు, 65 మంది కాదన్నారు. 2020 డిసెంబర్ 2న సెనేట్‌లో కూడా గట్టెక్కింది.

ఆ డిసెంబర్‌లో మా అపార్ట్‌మెంట్ తెలుగు వాట్సాప్ గ్రూపులో పండగే. "ఆంటీ, రెండు సభల్లోనూ పాసైంది, ఇంక సంతకమే కదా?" అని కింది ఫ్లోర్‌లో ఉండే నెల్లూరు అబ్బాయి ఒకటే మెసేజ్‌లు. వాళ్ళక్క అప్పటికే డాలస్‌లో క్యూలో ఉంది. ఒక వీసా కన్సల్టెన్సీ వాళ్ళయితే 'బిల్లు పాస్, వెంటనే ఫైలింగ్ మొదలుపెట్టండి, ఫీజు ఇంత' అని మెసేజ్ పంపించేశారు. కట్టినవాళ్ళు నాకు తెలుసు.

అబ్బాయిని పైకి రమ్మని సైట్ తెరిచి చూపించాను. బిల్లు పేజీలో 'టెక్స్ట్' అనే ట్యాబ్ ఉంటుంది. ఏ దశలో ఏ పాఠం ఉందో అక్కడ వేరువేరుగా దొరుకుతుంది. ప్రతినిధుల సభ పాస్ చేసిన పాఠం ఒక కిటికీలో, సెనేట్ మార్చి పాస్ చేసిన పాఠం ఇంకో కిటికీలో పెట్టుకుని చదివాం. రెండూ ఒకటి కావు. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్ళకు, వాళ్ళ కుటుంబాలకు ఏటా వెళ్ళే గ్రీన్ కార్డుల మీదే సెనేట్ ఒక పరిమితి పెట్టింది. అది ప్రతినిధుల సభ ఒప్పుకున్న సంగతి కాదు.

అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణం ఏడో సెక్షన్ ప్రకారం రెండు సభలూ ఒకే పాఠాన్ని పాస్ చేయాలి. తర్వాతే అది అధ్యక్షుడి బల్ల మీదికి వెళ్తుంది. మన దేశంలో లాగా రెండు సభలనూ కలిపి కూర్చోబెట్టి ఓటింగు పెట్టే వీలు అక్కడ లేదు. తేడాలు తేలలేదు, 2021 జనవరి 3న ఆ కాంగ్రెస్ గడువు ముగిసింది, బిల్లు అక్కడితో చచ్చిపోయింది. మన రాజ్యసభలో పెండింగులో ఉండి, లోక్‌సభ ఇంకా పాస్ చేయని బిల్లు లోక్‌సభ రద్దయినా బతికే ఉంటుంది. అక్కడ మాత్రం రెండేళ్ళు తిరిగేసరికి పలక తుడిచేసినట్టే. మళ్ళీ కొత్త నంబరు, మళ్ళీ మొదటి నుంచి. "రెండు సభలూ ఒప్పుకుని కూడా పోయిందా ఆంటీ!" అని ఆ అబ్బాయి అన్నప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది. కానీ నిజం తెలిసింది, కన్సల్టెన్సీకి డబ్బు కట్టలేదు.

ఇదే బిల్లు మీద సెనేట్‌లో ఏం మాట్లాడుకున్నారో 'కాంగ్రెషనల్ రికార్డ్'లో ఉంటుంది. సభలో అన్న మాట దాదాపు అన్నట్టే అచ్చేసే దినచర్య అది, ఇదే సైటులో చదవొచ్చు. దీన్ని మాత్రం వదలకండి. 2019లో సెనేటర్ మైక్ లీ, దీనికి జోడుగా సెనేట్‌లో పెట్టిన బిల్లును ఏకగ్రీవ సమ్మతితో పాస్ చేయమని అడిగారు. ఆ పద్ధతిలో ఒక్క సభ్యుడు కాదన్నా బండి ఆగిపోతుంది. సెనేటర్ డిక్ డర్బిన్ కాదన్నారు. ఉన్న గ్రీన్ కార్డులనే అటూ ఇటూ పంచితే భారతీయుల క్యూ తగ్గి ఇంకొకరి క్యూ పెరుగుతుంది, మొత్తం సంఖ్యే పెంచాలి అన్నది ఆయన వాదన. మన గ్రూపుల్లో ఆయన్ని తిట్టని రోజు లేదు. నేనూ ఆ క్యూలో నిలబడినదాన్నే, నాకూ బాధే. అయినా ఆయన మాటలు మొత్తం చదివాక, అవతలి పక్షానికి కూడా ఒక న్యాయం ఉందని ఒప్పుకోకుండా ఉండలేకపోయాను. పౌరులకు ఇంతకంటే పెద్ద ఉపకారం ఏ వార్తా ఛానలూ చేయదు.

పేరుపేరునా ఓటింగు జరిగినప్పుడు ఆ లెక్కను కూడా ఇస్తారు. మా నాన్నగారు కర్నూలు కోర్టులో ప్లీడరుగా చేశారు. ఆ పట్టిక ఆయనకు చూపిస్తే, "పార్టీ చెప్పినట్టు వేయకపోతే వీళ్ళ పదవి పోదా అమ్మా?" అని అడిగారు. పోదు. మన దగ్గర 1985లో పదో షెడ్యూలు వచ్చినప్పటి నుంచి విప్ మీరితే సభ్యత్వమే ఎగిరిపోతుంది. చాలా బిల్లులు మూజువాణి ఓటుతో అయిపోతాయి కాబట్టి మన ఎంపీ ఏమన్నాడో మనకు తెలియనే తెలియదు. అక్కడ ఆ చట్టం లేదు. ఆ 365 మందిలో రెండు పార్టీలవాళ్ళూ ఉన్నారు. నాన్నగారు ఆ జాబితాను కళ్ళజోడు సర్దుకుంటూ చివరి పేరు దాకా చదివారు.

ఇక కష్టమైన సంగతి. బిల్లుల భాష ఒక పట్టాన అర్థం కాదు. ఫలానా సెక్షన్‌లో ఫలానా మాట కొట్టేసి ఫలానా మాట పెట్టండి అని దర్జీకి ఇచ్చే చీటీలా ఉంటుంది. అసలు చట్టం పక్కన తెరిచి పెట్టుకుంటే తప్ప ఒక ముక్క ఎక్కదు. అందుకే ముందు 'సమ్మరీ' ట్యాబ్‌కు వెళ్ళండి. కాంగ్రెస్ కోసం పనిచేసే పరిశోధన విభాగం రాసే సారాంశం అక్కడుంటుంది. ఏ పార్టీ రంగూ ఉండదు, పొగడ్త ఉండదు, తెగడ్త ఉండదు. కొత్త బిల్లులకు సారాంశం రావడానికి టైం పడుతుంది, ఓపిక పట్టాలి. ఈ విభాగం రిపోర్టులు ఒకప్పుడు సభ్యుల కోసమే ఉండేవి, 2018 నుంచి అందరికీ పెడుతున్నారు. వలస చట్టాల మీద వాళ్ళ రిపోర్టు ఒక్కటి చదివితే యూట్యూబ్‌లో చూసే లాయర్ల వీడియోలు సగం మానేస్తారు.

ఈ సేవలో నాకు అన్నిటికంటే ఎక్కువ నచ్చింది దీని పక్కనే ఉండే రాజ్యాంగ వ్యాఖ్యానం, 'కాన్‌స్టిట్యూషన్ యానొటేటెడ్'. 1913 నుంచి లావుపాటి పుస్తకంగా వస్తున్నదాన్ని 2019లో వెబ్‌సైటుగా తెచ్చారు. 7 అధికరణాలు, 27 సవరణలు. ప్రతి వాక్యం కిందా సుప్రీంకోర్టు ఏ కేసులో ఏమందో వ్యాసాలుగా ఉంటుంది. కోర్టు కొట్టేసిన చట్టాల పట్టిక విడిగా ఉంది. అమెరికాలో పుట్టిన పిల్లల పౌరసత్వం గురించి భయపడేవాళ్ళు పద్నాలుగో సవరణ పేజీ తెరిచి 1898 నాటి వాంగ్ కిమ్ ఆర్క్ కేసు చదువుకోవచ్చు. నేను ఎక్కువసేపు కూర్చున్నది మాత్రం మొదటి అధికరణం ఏడో సెక్షన్ కింద ఉన్న జగదీశ్ రాయ్ చడ్ఢా కేసు దగ్గర.

ఈ చడ్ఢా కథ మన ఇళ్ళలో తెలియాల్సినంత తెలియదు. భారతీయ కుటుంబం, పుట్టింది కెన్యాలో, బ్రిటిష్ పాస్‌పోర్టు. 1966లో స్టూడెంట్ వీసా మీద అమెరికా వెళ్ళాడు. 1972లో వీసా అయిపోయింది. వెనక్కి పంపితే తీవ్రమైన కష్టం అవుతుందని ఒప్పుకుని 1974లో ఇమిగ్రేషన్ జడ్జి డిపోర్టేషన్ ఆపాడు. ఊపిరి పీల్చుకున్నాడు అనుకునేలోపు 1975 డిసెంబర్‌లో ప్రతినిధుల సభ, మరో ఐదుగురితో కలిపి, అతనికి ఇచ్చిన ఆ ఊరటను రద్దు చేస్తూ ఒక తీర్మానం చేసింది. ఆ తీర్మానం కాపీని అచ్చేసి సభ్యులకు ఇవ్వనైనా లేదు. చర్చ లేదు, పేరుపేరునా ఓటు లేదు. ఒక సభ ఒంటిగా చేసేసింది. సెనేట్ ఊసే లేదు, అధ్యక్షుడి సంతకం లేదు. అప్పటి చట్టం ఒక్క సభకు ఆ అధికారం ఇచ్చింది, దాన్నే లెజిస్లేటివ్ వీటో అనేవారు.

1983 జూన్ 23న సుప్రీంకోర్టు 7–2తో చడ్ఢా వైపు నిలబడింది. ఒక మనిషి హక్కును మార్చే పని ఏదైనా చట్టం చేసే దారిలోనే జరగాలి: రెండు సభలూ పాస్ చేయాలి, అధ్యక్షుడి ముందుకు వెళ్ళాలి. దగ్గరిదారులు చెల్లవు. వీసా అయిపోయిన ఒక కుర్రాడు ఒంటరిగా వేసిన అడుగు అమెరికా ప్రభుత్వం నడిచే పద్ధతినే మార్చేసింది. వీసా స్టాంపు కోసం చెన్నై కాన్సులేట్ బయట నిలబడిన ప్రతి తెలుగు పిల్లాడికీ ఈ కేసు చెప్పాలనిపిస్తుంది నాకు.

తీర్పు న్యాయమే. ఎవరూ చదవని కాగితం మీద మనిషి జీవితం తేల్చకూడదు. కానీ ఆ తర్వాత జరిగింది చదివితే నాకు దిగులేస్తుంది. తీర్పుతో విభేదించిన జస్టిస్ వైట్ అప్పుడే హెచ్చరించారు. ఈ వీటో పోతే కాంగ్రెస్ అధికారాలు వదులుకునైనా ఊరుకోవాలి, లేదా ప్రతి చిన్నదీ తనే రాసుకోవాలి అన్నారు. కాంగ్రెస్ మాత్రం ఇచ్చిన అధికారాలను ఇచ్చినట్టే ఉంచేసింది. 1976 నాటి జాతీయ ఎమర్జెన్సీల చట్టం చూడండి. అధ్యక్షుడు పెట్టిన ఎమర్జెన్సీని రెండు సభలూ కలిసి, ఆయన సంతకంతో పని లేకుండా, తీసేయొచ్చని మొదట రాసుకున్నారు. చడ్ఢా తీర్పు వల్ల అది చెల్లదు కాబట్టి 1985లో మార్చారు. ఇప్పుడు ఆ తీర్మానం ఆయన ముందుకే వెళ్ళాలి, ఆయన వీటో చేయొచ్చు. 2019లో మెక్సికో సరిహద్దు గోడ కోసం ట్రంప్ పెట్టిన ఎమర్జెన్సీ విషయంలో అదే జరిగింది. రెండు సభలూ వద్దన్నాయి, మార్చి 15న వీటో పడింది, దాన్ని తోసిపుచ్చడానికి ప్రతినిధుల సభలో 248–181 వచ్చింది. మూడింట రెండొంతులు కావాలి కాబట్టి ఆ ఓట్లు చాల్లేదు. ఇరాన్ బందీల సంక్షోభం నాడు, 1979 నవంబర్ 14న, పెట్టిన ఎమర్జెన్సీని ఏటా పొడిగిస్తూనే వస్తున్నారు.

మన రాజ్యాంగం ఇక్కడ కాస్త గట్టిగా ఉందని నా అభిప్రాయం. 123వ అధికరణం కింద తెచ్చిన ఆర్డినెన్సు, పార్లమెంటు మళ్ళీ కూర్చున్న ఆరు వారాలకు దానంతటదే చచ్చిపోతుంది. దుర్వినియోగం మనకూ ఉంది, కాదనను. బిహార్‌లో 1967 నుంచి 1981 దాకా 256 ఆర్డినెన్సులు తెచ్చారు, కొన్నిటిని ఏళ్ళ తరబడి తిరగరాసుకుంటూ పోయారు. డి.సి. వాధ్వా అనే ఎకనామిక్స్ ప్రొఫెసర్ ఆ లెక్కలన్నీ బయటికి తీసి కోర్టుకు వెళ్తే 1986లో సుప్రీంకోర్టు దాన్ని రాజ్యాంగం మీద మోసమని తప్పుపట్టింది. ఆయనా పౌరుడే. గెజిట్లు ముందేసుకుని చదివాడు, అంతే.

ఈ సైటులో దొరకని సంగతి కూడా చెప్పాలి. 2025 సెప్టెంబర్ 19, శుక్రవారం. కొత్త హెచ్‌1బీ దరఖాస్తులకు లక్ష డాలర్లు కట్టాలని అధ్యక్షుడి ప్రకటన వచ్చింది, ఆదివారం నుంచే అమలు. మనకు శనివారం తెల్లారేసరికి బెంగళూరంతా టెన్షన్. మా నెల్లూరు అబ్బాయికి అప్పటికి సియాటిల్‌లో ఉద్యోగం, దసరాకు అమ్మానాన్నల దగ్గరికి వచ్చి ఉన్నాడు. సూట్‌కేసు సర్దేసి, దొరికిన టికెట్ దొరికినట్టు కొనడానికి సిద్ధమై, నాకు ఫోన్ చేశాడు: "ఆంటీ, ఆ బిల్లు నంబర్ ఎంత? మీ సైటులో చూడండి, నాకు వర్తిస్తుందా?"

నంబర్ లేదు. బిల్లే లేదు. ఏ సభా చర్చించలేదు, ఎవరూ ఓటేయలేదు. అది 1952 నాటి వలస చట్టంలోని 212 (ఎఫ్) సెక్షన్ కింద, విదేశీయుల రాకను ఆపడానికి కాంగ్రెస్ అధ్యక్షుడికి ఎప్పుడో ఇచ్చేసిన అధికారం మీద వచ్చిన ప్రకటన. 2018లో ట్రంప్ వర్సెస్ హవాయీ కేసులో సుప్రీంకోర్టు 5–4తో ఆ సెక్షన్ చాలా విశాలమైనదని చెప్పేసింది. అలాంటి ప్రకటనలు చూడాలంటే 'ఫెడరల్ రిజిస్టర్' అనే వేరే సైటుకు వెళ్ళాలి, అదీ ఉచితమే. పాత వీసాలున్నవాళ్ళకు వర్తించదని తర్వాత వివరణ వచ్చింది, అబ్బాయి బతుకమ్మ చూసి మరీ వెళ్ళాడు. నాకు మాత్రం మనసు కుదుటపడలేదు. లక్షలమంది బతుకులను తాకే నిర్ణయం కోసం కాంగ్రెస్ సైటులో వెతికితే ఏమీ కనపడకపోవడం సైటు లోపం కాదు, కాంగ్రెస్ లోపం. మొదటి అధికరణం మొదటి వాక్యం శాసనాధికారం అంతా కాంగ్రెస్‌దేనని చెబుతుంది. చడ్ఢా కేసులో కాంగ్రెస్‌కు దగ్గరిదారులు వద్దని చెప్పిన రాజ్యాంగమే ఆ దారిని అధ్యక్షుడికి మాత్రం ఎందుకు తెరిచి ఉంచాలి? 212 (ఎఫ్)కు ఒక గడువు పెట్టండి, ఇన్ని రోజుల్లో రెండు సభలూ ఒప్పుకోకపోతే ప్రకటన పోయేలా రాయండి అని ప్రతినిధుల సభలో నా నియోజకవర్గ సభ్యుడికి రాశాను. మన ఆర్డినెన్సు ఆరు వారాల సంగతి కూడా అందులో వివరంగా పెట్టాను.

వాడాలనుకునేవాళ్ళకు నాలుగు ముక్కలు. ఫోన్‌లో కాకుండా కంప్యూటర్‌లో తెరవండి, రెండు కిటికీలు పక్కపక్కన పెట్టుకోకపోతే బిల్లు చదవలేరు. వెతికేటప్పుడు ఏ కాంగ్రెస్‌దో చూసుకోండి, పాత కాంగ్రెస్ బిల్లును కొత్తదనుకుని గ్రూపుల్లో తిప్పేవాళ్ళు బోలెడుమంది. ఉచితంగా ఖాతా తెరిచి, మీకు కావలసిన బిల్లు మీద అలర్ట్ పెట్టుకుంటే కదలిక ఉన్నప్పుడు మెయిల్ వస్తుంది. బిల్లు పెట్టడం అంటే ఏమీ కానట్టే, వేలల్లో పెడతారు, కొన్ని వందలే చట్టాలవుతాయి. కాబట్టి కమిటీ దాటిందా లేదా అన్నది ముందు చూడండి. ఓటున్నవాళ్ళు సభ్యుల పేజీలోంచి వాళ్ళ సైటుకు వెళ్ళి రాయొచ్చు. ఆ ఫారంలో బెంగళూరు పిన్‌కోడ్ పనికిరాదు, మీ ఓటు ఏ ఇంటి మీద ఉందో ఆ జిప్ కోడ్ వేయండి.